ఐదో ఆట

"ఆ వీడియో మళ్లీ పెట్టు" అంది వెర్నెట్టా.

షాంట్రిస్ ఫోను తల్లి చేతికివ్వలేదు. టేబుల్ మీద వేయించిన జెల్ల చేపల పళ్లేనికి ఆనించి నిలబెట్టింది. అందులో సాల్టర్ కాలేజీ బ్యాండు వానలో తడిసి ముద్దవుతూ బాకాలు ఊదుతోంది. మూడో వరసలో షాంట్రిస్సే ఉంది, టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. స్నేహితురాలెవరో ముచ్చటపడి తీసిన వీడియో అది. వెర్నెట్టా మాత్రం కూతుర్ని చూడటం లేదు. బాకాల వెనకాల, మైదానం మధ్యలో, ఒంటి మోకాలి మీద కూర్చున్న ఆటగాణ్ణి చూస్తోంది. వాడి వీపు మీద పద్నాలుగో నంబరు.

వాడు బంతిని అందుకున్నాడు. నేల మీద నిలబెట్టి, పైనొక వేలు ఆనించాడు. ఇంకొకడు పరుగెత్తుకొచ్చి తన్నాడు. బంతి కర్రల మధ్య నుంచి పోయింది. అంతే, వీడియో అయిపోయింది.

"పద్నాలుగు ఎవరిదిరా?"

కొడుకు కోర్టెజ్, ఆరడుగుల మూడంగుళాల మనిషి, కుర్చీలో అలాగే కుంచించుకుపోయాడు.

"నిన్నేరా అడిగేది."

"నాదేనమ్మా."

"వానలో జరిగిన ఆటలో నువ్వు ఆడలేదన్నావు."

"ఆడలేదమ్మా. బంతి పట్టుకున్నానంతే. రోజూ పట్టుకునేవాడికి వేలు బెణికింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్ను పొమ్మన్నారు."

"అదీ! వినవే!" అని తాత ఒస్సీ చేత్తో టేబుల్ చరిచాడు. మొక్కజొన్న జావ గిన్నె ఎగిరిపడింది. "బంతి పట్టుకోవడం కూడా ఒక ఆటేనా? విసిరాడా? లేదు. పరిగెత్తాడా? లేదు. పెళ్లిలో దండ అందించినవాడు పెళ్లికొడుకైపోతాడా?"

"కాలేజీలవాళ్ల రూలు నిన్నడిగి రాయలేదు నాన్నా. గీత దాటి లోపలికెళ్తే ఆడినట్టే. ఒక్క బంతికైనా సరే."

ఫ్రిజ్ తలుపుకు ఒక క్యాలెండరు వేలాడుతోంది. ఊళ్లో శవాలను సాగనంపే కంపెనీవాళ్లు ప్రతి ఏడూ పంచే క్యాలెండరు అది. మా ఊళ్లో అది లేని వంటిల్లు ఉండదు. దాని మీద ఒస్సీ ఎర్రపెన్సిలుతో సున్నాలు చుట్టాడు. మనవడు ఆడిన ఆటలు మూడు. మూడు సున్నాలు. ఈ శనివారానికి నాలుగోది, అన్నిటికంటే పెద్దది, అంచుల్లో పూలు కూడా వేశాడు.

ఈ మూడు రోజులూ ఆ ఇల్లు నిలబడింది ఆ లెక్క మీదే. గురువారం ఫుట్‌బాల్ సాధనలో, జట్టుకు బంతి విసిరే పెద్ద క్వార్టర్‌బ్యాక్ మార్సెలస్ భుజం ఎముక విరిగింది. శనివారం ప్రెంటిస్ కాలేజీతో ఆట, ఏడాదిలో ఆఖరిది. బంతి బాగా విసరగలిగినవాళ్లలో మిగిలింది మొదటి ఏడాది చదువుతున్న కోర్టెజ్. వెర్నెట్టా అప్పుడే వేళ్లు మడిచి లెక్కేసింది. మొదటి ఏడాది నాలుగు ఆటలకు మించకుండా ఆడితే ఆ ఏడాది లెక్కలోకి రాదు. ఆటకు నాలుగేళ్లూ అలాగే ఉంటాయి, చదువు ఖర్చు ఐదేళ్లూ కాలేజీయే పెట్టుకుంటుంది. ఐదో ఆటలో కాలు పెడితే ఆ ఏడాది ఖర్చయిపోయినట్టే. కాలేజీ పెట్టేది నాలుగేళ్లతో సరి. కోర్టెజ్ చదివేది ఇళ్లు గీసే చదువు, ఐదేళ్లది. నాలుగేళ్లు చదివి మానేస్తే చేతిలో ఏ కాగితమూ ఉండదు.

ఇది నాలుగోదే కదా అని నిన్న రాత్రి ఆమె ఒప్పుకుంది. పొద్దున్నే లేచి చేపలు కూడా వేయించింది.

"అంటే ఇవాళ్టిది ఐదోది" అంది వెర్నెట్టా. గొంతు పెంచలేదు. అదే భయం వేసే సంగతి.

"వాడు విసిరినవే లెక్కపెట్టానే" అన్నాడు ఒస్సీ, కొంచెం తగ్గి. "క్వార్టర్‌బ్యాక్ అన్నాక విసిరితేనే కదా ఆడినట్టు. యాభై ఏళ్ల నుంచి అంతే అనుకుంటున్నా."

"నువ్వు యాభై ఏళ్లు ఏమనుకుంటేనేం, నా కొడుకు ఏడాది పోతోంది."

"పోతే పోనీ! ప్రెంటిస్ మీద మొదటి బంతి నుంచీ ఆడమంటున్నారే వాణ్ణి! నన్ను అడిగారా ఎవరైనా? ఒక్క ఏడు ఆడాక, పెద్ద జట్టువాళ్లొచ్చి నల్లవాడు బంతి విసరడం ఎందుకు, పరిగెత్తితే చాలు అని నన్ను మూలకి నెట్టారు. నా చెయ్యి ఇంకా బాధపడుతోందే, వెర్నీ. విసరక బాధపడుతోంది."

"నీ చెయ్యి బాధపడుతోందని వాడి చదువు తగలెయ్యనా?"

ఒస్సీ చేతిని టేబుల్ మీంచి కిందికి దించుకున్నాడు. అంత మాట ఆమె కూడా అనాలనుకోలేదు. కానీ అనేసింది. షాంట్రిస్ ఫోను తీసి జేబులో పెట్టుకుంది. తన వల్లే ఇదంతా అని ఆ పిల్లకు ఏడుపొస్తోంది.

"నేను చూపించకుండా ఉండాల్సింది" అంది.

"నువ్వు చూపించావు కాబట్టి తెలిసింది. లే, యూనిఫాం వేసుకో. నువ్వు కూడా లేవరా." వెర్నెట్టా కారు తాళాలు తీసింది. "పద, కోచ్‌తో నేను మాట్లాడతాను."

"అమ్మా, వద్దమ్మా." కోర్టెజ్ మొహంలో రంగు మారింది. "నేను చెప్తాను కోచ్‌కి. నువ్వు రాకు."

"ఎందుకు రాకూడదు?"

వాడు వంగి బూట్ల తాళ్లు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

*

ప్రెంటిస్‌తో ఆట రోజున మా ఊళ్లో పెళ్లినైనా వాయిదా వేసుకుంటారు. ఉదయం తొమ్మిదింటికే మైదానం చుట్టూ పొగ. పంది పక్కటెముకలు కాలే వాసన కారు అద్దాలు మూసినా లోపలికొస్తోంది. ఊదారంగు చొక్కాలవాళ్లు కోర్టెజ్‌ను గుర్తుపట్టి కారు మీద దరువేస్తున్నారు.

"పద్నాలుగూ! చంపెయ్యరా వాళ్లని!"

"తమ్ముడూ, నీ మీదే పెట్టుకున్నాం!"

ఒక ముసలామె కిటికీలోంచి చెయ్యి పెట్టి వాడి తల నిమిరింది. "దేవుడు నీ చేతిలో ఉంటాడు నాయనా" అంది. వెర్నెట్టా ముందుకు చూస్తూ పోనిచ్చింది. కోర్టెజ్ కిటికీ ఎక్కించుకున్నాడు. మోకాళ్లు రెండూ ఆడుతున్నాయి. భయంతో కాదు, ఆనందంతోనే, అది ఆమెకు తెలుసు. ఐదేళ్ల వయసులో క్రిస్మస్ పొద్దున కూడా వాడి మోకాళ్లు ఇలాగే ఆడేవి.

ఆటగాళ్ల గదిలో నొప్పుల మందు వాసన. కోచ్ టిల్లరీ బల్ల మీద కూర్చుని ఒక కుర్రాడి మడమకు పట్టీ చుడుతున్నాడు. మనిషి లావు, గొంతు ఇంకా లావు. తల్లిని చూడగానే పట్టీ మధ్యలో వదిలి లేచాడు.

"రండి వెర్నెట్టా గారూ, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండి. ఒక్క మాట చెప్పండి. ఇవాళ్టిది వీడికి ఎన్నో ఆట?"

టిల్లరీ ఆమెను చూశాడు. తర్వాత వెనకాల నిలబడ్డ కోర్టెజ్‌ను చూశాడు. అక్కడే చూపు ఆపాడు.

"ఐదోది" అన్నాడు.

"అంటే మీకు తెలుసు."

"గురువారమే లెక్క చూశానమ్మా. చూసి వీడికి చెప్పాను. ఇంట్లో అడిగి రా, అమ్మ వద్దంటే లేదు అన్నాను." టిల్లరీ గొంతు తగ్గింది. "శుక్రవారం పొద్దున్నే వచ్చాడు. 'మా అమ్మతో మాట్లాడాను కోచ్, సరేనంది' అన్నాడు."

బయట బ్యాండు డప్పులు సరిచూసుకుంటోంది. ఒక్కొక్క దెబ్బా గోడలోంచి వినిపిస్తోంది. మడమకు సగం పట్టీ ఉన్న కుర్రాడు కుంటుకుంటూ బయటికి జారుకున్నాడు.

వెర్నెట్టా బడి బస్సు నడుపుతుంది. యాభైనలుగురు పిల్లలు వెనకాల కేకలు పెడుతుంటే అద్దంలోంచి ఒక్క చూపు చూస్తుంది, బస్సంతా నిశ్శబ్దమైపోతుంది. అలాంటి మనిషికి ఇప్పుడు కొడుకు వైపు తిరగడానికే కొంతసేపు పట్టింది.

"అయితే పొద్దున వీడియో చూస్తున్నప్పుడు నీకు ముందే తెలుసన్నమాట."

"తెలుసు."

"నిన్న రాత్రి తాత పూలు గీస్తున్నప్పుడు కూడా."

"తెలుసమ్మా."

"పక్కనే కూర్చుని రంగులు అందించావు కదరా."

కోర్టెజ్ కళ్లు నేల మీదే ఉన్నాయి. "నువ్వు వద్దంటావని చెప్పలేదు."

"వద్దంటాననే చెప్పాలిరా! సరే అనేదానికైతే చెప్పకపోయినా ఏం కాదు!"

ఆ మాటకు టిల్లరీ తల వంచుకున్నాడు. ఈల తాడు మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంటూ అన్నాడు.

"రెండేళ్ల కిందట మీ హాల్లో కూర్చున్నానమ్మా. మీరు పెట్టిన పీచ్ పళ్ల కాబ్లర్ మిఠాయి రెండుసార్లు అడిగి తిన్నాను. ఐదేళ్లూ చదివించి పట్టా చేతికిచ్చి పంపుతానని మాటిచ్చాను. తల్లికి అబద్ధం చెప్పొచ్చినవాణ్ణి ముందు నిలబెట్టి నేను ఆట మొదలుపెట్టను. బెంచీ మీదున్న మూడో క్వార్టర్‌బ్యాక్ టైక్వాన్ మొదలుపెడతాడు."

"కోచ్!" కోర్టెజ్ గొంతు పగిలింది. "టైక్వాన్ మూడేళ్లలో ఒక్క ఆట కూడా ఆడలేదు! వాణ్ణి చంపేస్తారు వాళ్లు!"

"ఆ మాట ముందు ఆలోచించాల్సింది." టిల్లరీ మళ్లీ వెర్నెట్టా వైపు తిరిగాడు. "వీడు ఆట బట్టలు వేసుకుని గీత అవతల నిలబడతాడు. లోపలికి నేను పిలవను. కానీ ఒకటి చెప్తున్నానమ్మా, వీడికి పద్దెనిమిదేళ్లు వచ్చాయి. అంతగా అవసరం పడి, నేను వెళ్తానని వాడే వచ్చి నా ముందు నిలబడితే కాదనలేను. నేను కాదనలేను, మీరూ ఆపలేరు. ఏడాది వాడిది."

"వాడిది కాదు" అంది వెర్నెట్టా. "అది వాళ్ల నాన్నది. ఊళ్లో సగం ఇళ్లకు కప్పు వేసి, తన ఇంటికి వెయ్యకుండానే పోయాడు. వీడు అట్టపెట్టెల వెనక ఇళ్లు గీస్తుంటే పక్కన కూర్చుని మేకులు ఎక్కడ కొట్టాలో చెప్పేవాడు. ఆ చదువు మధ్యలో ఆగితే నేను..."

పూర్తి చెయ్యలేకపోయింది. సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది.

"అమ్మా" అన్నాడు కోర్టెజ్.

ఆమె ఆగలేదు.

*

మధ్యాహ్నం రెండింటికి పదిహేను వేలమంది. ఇటు ఊదారంగు, అటు ప్రెంటిస్‌వాళ్ల ఎరుపు. సాల్టర్ బ్యాండు మోకాళ్లు ఎత్తుతూ లోపలికొస్తుంటే సిమెంటు మెట్లు అదిరాయి. ఇలాంటి రోజున మొహం మాడ్చుకుని కూర్చోవడం ఎవరి వల్లా కాదు. వెర్నెట్టా కూర్చుంది.

ఒస్సీ పక్కనే ఉన్నాడు. పొద్దుటి నుంచి ఆమెతో మాట్లాడలేదు. కాని తన మెత్త తీసి ఆమె కింద పెట్టాడు.

వెనక వరసలో ఊదా టోపీ పెట్టుకున్న ఆవిడ అడగనే అడిగింది. "పద్నాలుగుని దింపలేదేంటి? ఆ పిల్లాడెవరు, గాలికి ఊగుతున్నాడు?"

"వాళ్లమ్మ ఒప్పుకోలేదట" అంది పక్కావిడ.

"ఎవరా మహాతల్లి?"

"నేనే" అంది వెర్నెట్టా, వెనక్కి తిరక్కుండా. "బంతిని చూడండి."

టైక్వాన్‌ని తక్కువ అంచనా వేశామని మేమంతా తర్వాత ఒప్పుకున్నాం. తోపుడుబండిని లారీ గుద్దినట్టు గుద్దుతున్నారు వాణ్ణి. అయినా ప్రతిసారీ లేస్తున్నాడు. వాడు పాయింట్లు తెస్తే అవతలివాళ్లు ఇంకాస్త ఎక్కువ తెస్తున్నారు, అయినా వెంటపడుతూనే ఉన్నాడు. ఆఖరిదైన నాలుగో భాగం సగమయ్యేసరికి ప్రెంటిస్‌కు ఇరవైనాలుగు, మాకు ఇరవై. బంతిని ఒక్కసారి అవతలి కొస దాటించి టచ్‌డౌన్ చేస్తే చాలు. ఒక్కటే!

కోర్టెజ్ గీత అవతల అటూ ఇటూ తిరుగుతున్నాడు. మట్టి అంటని బట్టలు. టైక్వాన్ వచ్చినప్పుడల్లా నీళ్లు ఇస్తున్నాడు, చెవిలో ఏదో చెప్తున్నాడు, భుజం తట్టి పంపుతున్నాడు. టిల్లరీ ఒక్కసారి కూడా వాడి వైపు చూడలేదు.

రెండు నిమిషాల నాలుగు సెకన్లు ఉన్నాయనగా బంతి మా చేతికొచ్చింది, మా ముప్పయ్యో గజం దగ్గర. ఇంకా డెబ్బై గజాలు పోవాలి. టైక్వాన్ బయల్దేరాడు, నాలుగడుగులు నడిచాడు, మోకాలు మడుచుకుని కూలబడ్డాడు. ఎవరూ తగల్లేదు, వాడి కాలే ఇక చాలంది. ఇద్దరు మోసుకొచ్చారు. వెళ్తూ వెళ్తూ కూడా వాడు ఏడుస్తూ "ఇంకొక్కసారి కోచ్, ఇంకొక్కసారి" అంటున్నాడు.

ఊదారంగు చొక్కాలన్నీ గీత అవతలి పద్నాలుగు వైపు తిరిగాయి.

వెర్నెట్టా లేచింది.

"వెర్నీ! ఎక్కడికే?" అన్నాడు ఒస్సీ. పొద్దుటి నుంచి అదే మొదటి మాట.

"ఆపడానికి."

"వాడు నిన్ను చూస్తే వెళ్లడే! ఆ కాస్తా..."

"అందుకే వెళ్తున్నా."

మెట్ల మీద జనాన్ని తోసుకుంటూ దిగింది. కింద ఇనుప కమ్మీ ఉంది, దాని కింద ఆరడుగుల లోతులో మైదానం. కోర్టెజ్ అప్పటికే హెల్మెట్ తీసుకుని కోచ్ ముందు నిలబడి ఉన్నాడు.

"కోర్టెజ్!"

గొంతు చీరుకుపోయేలా పిలిచింది. వాడు తిరిగాడు. కోచ్‌కి ఏదో చెప్పి పరుగెత్తుకుంటూ కమ్మీ కిందికొచ్చాడు. తల పైకెత్తాడు. ఆ మొహం చూస్తే అబద్ధం చెప్పిన మనిషని ఎవరూ అనరు.

"ముందు నీకు చెప్పడానికే వస్తున్నానమ్మా. నిజం. నువ్వే ముందొచ్చావు."

"చెప్పు."

"నేను వెళ్తాను." గుక్కతిప్పుకోకుండా అన్నాడు. "ఏడాది పోతుంది, తెలుసు. ఐదో ఏడు నేను పనిచేసుకుని చదువుతా. నాన్నలాగా కప్పులు వేస్తా. ఆరేళ్లు పట్టినా పట్టా తెచ్చి నీ చేతిలో పెడతా. అబద్ధం చెప్పినందుకు కొట్టు, ఇంటికొచ్చాక కొట్టు. కానీ అమ్మా, టైక్వాన్ని చూశావా? మూడేళ్లు నీళ్లు మోసినవాడు నా బదులు తన్నులు తిన్నాడు. నేను ఇక్కడ మాయని బట్టలతో నిలబడ్డాను. ఇంకొక్క నిమిషం నిలబడలేనమ్మా."

రిఫరీ ఈల వేశాడు. టిల్లరీ ఇటు చూడకుండా చెయ్యి మాత్రం ఊపాడు.

వెర్నెట్టా నోట్లో 'వద్దు' సిద్ధంగానే ఉంది. పొద్దుటి నుంచి సిద్ధంగా ఉంది. కమ్మీ పట్టుకుని వంగింది.

"గడ్డం కింద ఆ పట్టీ వదులుగా ఉంది" అంది. "బిగించుకో."

కోర్టెజ్‌కు అర్థం కాలేదు. "వెళ్లమంటున్నావా?"

"నేనేం అనలేదు. పట్టీ బిగించుకోమన్నా."

వాడి మొహమంతా నవ్వైపోయింది. అదే మోకాళ్లు, అదే క్రిస్మస్ పొద్దున. పరుగెత్తాడు. పద్నాలుగో నంబరు గీత దాటిందో లేదో ఊదారంగు వైపంతా ఒక్కసారి లేచి నిలబడింది. బాకాలు కేకపెట్టాయి. అందులో షాంట్రిస్ ఊదేది ఏదో వెర్నెట్టాకు తెలియలేదు గాని, ఉన్న ఊపిరంతా పెట్టి ఊదుతోందని తెలిసింది.

బంతి వాడి చేతికొచ్చింది. అంతే. ఏడాది పోయింది.

మొదటిది వంకరగా విసిరాడు, గాలిలో గిలగిల్లాడింది. అయినా మావాడు అందుకున్నాడు. ఎనిమిది గజాలు. రెండోది చేతుల్లోంచి జారిపోయింది. మూడోసారి విసరడానికి చోటు దొరక్క వాడే పరుగెత్తి, పదకొండు గజాలు పోయి, గీత అవతల దొర్లాడు. బట్టలకు మట్టి అంటింది. జనం ఆ మట్టికే చప్పట్లు కొట్టారు!

"ఇక్కడ నిలబడకూడదండీ, మీ సీటుకి వెళ్లండి" అన్నాడు పసుపు చొక్కా కాపలావాడు. వెర్నెట్టా బస్సు అద్దంలో చూసే చూపు చూసింది. వాడే వెళ్లిపోయాడు.

పక్కన ఎవరో ఆయాసపడుతూ కమ్మీ పట్టుకున్నారు. ఒస్సీ. డెబ్బై ఏళ్ల మోకాళ్లతో అరవై మెట్లు దిగొచ్చాడు.

"ఎడమవైపు చూడరా! ఎడమవైపు! ఒరే, నీ తాతను చెప్తున్నా, ఎడమవైపు ఖాళీ!"

వాడికి వినబడే అవకాశమే లేదు. కానీ ఎడమవైపే విసిరాడు. ఇరవై గజాలు. ఒస్సీ కూతురి మెడ చుట్టూ చేతులు వేసి ఊపేశాడు. పొద్దున అన్న మాటలు, పడ్డ మాటలు ఇద్దరికీ గుర్తు లేవు. తర్వాతి రెండూ నేల మీద పడ్డాయి. గడియారంలో తొమ్మిది సెకన్లు. ఇంకా ముప్పై ఒక్క గజాలు. ఒక్క బంతికే సమయం ఉంది.

కోర్టెజ్ వెనక్కి జరిగి నిలబడ్డాడు. కాళ్లు దూరంగా పెట్టి, చేతులు ముందుకు చాచి. అంత దూరం నుంచి కూడా మోకాళ్లు ఆడుతున్నట్టు ఆమెకు అనిపించింది.

బంతి వచ్చింది. ఒక అడుగు, రెండడుగులు, మూడు. కుడివైపు చూశాడు, లేదు. మధ్యలో, లేదు. ఎడమవైపు నుంచి ప్రెంటిస్‌వాడొకడు, తొంభైతొమ్మిదో నంబరు, అడ్డమొచ్చినవాణ్ణి పక్కకు విసిరేసి వస్తున్నాడు. ఒస్సీ చూశాడు. వెర్నెట్టా చూసింది. కోర్టెజ్ చూడలేదు.

"లాగు! లాగి విసురు!" అని అరుస్తోంది ఎవరో. తనే.

కోర్టెజ్ చెయ్యి వెనక్కి పోయింది, ముందుకొచ్చింది, బంతి వేళ్లను వదిలింది. ఆ క్షణమే తొంభైతొమ్మిది వాడి రొమ్ములోకి వచ్చి పడ్డాడు. రెండు కాళ్లూ గాలిలోకి లేచాయి. వీపు నేలకు కొట్టుకున్న చప్పుడు కమ్మీ దాకా వినిపించింది.

బంతి ఎత్తుగా, చక్కగా, ఏ వంకరా లేకుండా తిరుగుతూ పోతోంది. పదిహేను వేల తలలు దాని వెంట తిరిగాయి. ఒస్సీ తల తిరిగింది. టిల్లరీ తల తిరిగింది. బ్యాండు ఊదడం మానేసింది.

వెర్నెట్టా మాత్రం బంతిని చూడలేదు. ఐదో ఏడు, చదువు, మూడు రోజుల నుంచి పట్టుకుని పోరాడిన మాటలేవీ ఆమెకు గుర్తు రాలేదు. పచ్చగడ్డి మీద వెల్లకిలా పడున్న పద్నాలుగు ఒక్కటే కనిపిస్తోంది.

"లే నాయనా" అంది. "లే. లే. లే."

ఒక్కసారిగా హోరు లేచింది. చెవులు చిల్లులు పడే హోరు. అది ఊదారంగు వైపు నుంచో, ఎరుపు వైపు నుంచో, కమ్మీ మీద వంగున్న ఆమెకు తెలియలేదు. ఒస్సీ ఆమె చెయ్యి పట్టుకుని ఏదో అరుస్తూ ఏడుస్తున్నాడు. ఒక్క ముక్కా వినబడటం లేదు.

కోర్టెజ్ కదిలాడు. మోచెయ్యి ఊని తల ఎత్తాడు. వాడి మీద పడ్డవాడు పెద్ద గోడలా అడ్డంగా లేస్తున్నాడు, అవతల ఏం జరిగిందో వాడికి కనిపించే దారి లేదు. తల ఇటు తిప్పాడు. ఇంతమంది జనంలో తిన్నగా కమ్మీ వైపు, తల్లి మొహంలోకి చూశాడు.

"ఏమైందమ్మా?" అని వాడి పెదవులు అడిగాయి.

ఏం చెప్తుంది? ఆమె కూడా చూడలేదు.